గేమ్ డిస్క్ ఇమేజ్‌లోంచి ఫైళ్లు రావడం లేదా? పాడైందని పారేసే ముందు ఇవి చూడండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచెత్తినప్పుడు మా పిన్ని వాళ్లింట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. బీరువా కింది అరలో మా తమ్ముడు దాచుకున్న గేమ్ సీడీలు, డీవీడీలు బురదలో మునిగాయి. చిన్నప్పుడు పాకెట్ మనీ కూడబెట్టుకుని కొనుక్కున్నవి అవి. వాడు వాటిని కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కదాన్నీ ఇమేజ్‌గా (డిస్క్‌లో ఉన్నదంతా ఒకే ఫైల్‌గా) తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాడు. తీరా తెరవబోతే సగానికి సగం తెరుచుకోలేదు. "నీళ్లలో పోయాయి అన్నయ్యా, ఇక వదిలేద్దాం" అని ఫోన్ చేశాడు. హార్డ్ డిస్క్ తీసుకుని గుంటూరు రమ్మన్నాను. బ్రాడీపేటలో మా ఇంట్లో రెండు ఆదివారాలు కూర్చుని చూస్తే, నిజంగా పాడైనవి రెండే రెండు. మిగతా ఇమేజ్‌లన్నీ బాగానే ఉన్నాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేరే వాటిని వేరే రకం అనుకుని చదువుతోంది.

ఆ రెండు ఆదివారాల్లో మేం చేసిన పరీక్షల్ని అదే వరసలో రాస్తున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ వెతుక్కునే ముందు ఇమేజ్ ఏ రకమో తేల్చుకోండి. అది తేలితే ఏ టూల్ వాడాలో దానంతటదే తెలిసిపోతుంది.

ఇదంతా మీరు డబ్బు పెట్టి కొన్న డిస్కుల గురించే. న్యాయంగా మన దగ్గరున్న ప్రోగ్రామ్ పోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. పంచిపెట్టడానికి కాదు.

1. ముందు చోటు సరిచేసుకోండి

అసలు ఇమేజ్‌ని ముట్టుకోవద్దు. ఒక కాపీ చేసుకుని దాని మీదే పని చేయండి.

ఆ కాపీని డీ డ్రైవ్‌లో నేరుగా, చిన్న పేరున్న ఫోల్డర్‌లో పెట్టండి. ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. 2000ల్లో రాసిన, ఇమేజ్‌లోంచి ఫైళ్లు తీసే టూల్స్ చాలావాటికి యూనికోడ్, అంటే తెలుగు లాంటి లిపుల్ని కంప్యూటర్‌లో రాసే పద్ధతి, తెలియదు. "ఆటలు" అని తెలుగులో ఫోల్డర్ పెట్టుకుంటే ఆ దారే దొరక్క ఫైల్ లేదంటాయి, లేదా ఏ మాటా చెప్పకుండా మూసుకుపోతాయి. మా తమ్ముడి కంప్యూటర్‌లో విండోస్ యూజర్ పేరే తెలుగులో ఉంది. డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి ఫైల్ దారిలోనూ ఆ పేరు వస్తుంది. డీ డ్రైవ్‌కి మార్చగానే మూడు ఇమేజ్‌లు వాటంతట అవే తెరుచుకున్నాయి.

దారి మరీ పొడవైనా కష్టమే. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు దారి మొత్తం 260 అక్షరాలు దాటితే ఫైల్ రాయలేవు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి తీస్తుంటే విండోస్ డిఫెండర్‌లోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా అడ్డుపడవచ్చు. డీ డ్రైవ్‌లో చిన్న ఫోల్డర్ ఈ మూడింటికీ మందు.

పెన్ డ్రైవ్ మీద తెచ్చిన ఇమేజ్ అయితే మరొకటి చూడండి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక ఫైల్ 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. మీ డీవీడీ ఇమేజ్ సరిగ్గా ఆ సైజు దగ్గర ఆగి ఉంటే తోక తెగిపోయిందని అర్థం. పెన్ డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి మళ్లీ కాపీ చేసుకోవాలి.

2. సైజుని భాగించండి

నా లెక్కలో అన్నింటికన్నా విలువైన పరీక్ష ఇదే. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఇమేజ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ రెండు అంకెలుంటాయి. "సైజ్ ఆన్ డిస్క్" వదిలేసి, "సైజ్" అన్నచోట బ్రాకెట్లో ఉన్న బైట్ల సంఖ్య మొత్తం రాసుకోండి. దాన్ని 2048తో భాగించండి. తర్వాత 2352తో భాగించండి. దేనితో శేషం లేకుండా పోతుందో చూడండి.

ఎందుకంటే, సీడీ మీద సమాచారం సెక్టార్లనే ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క నిజానికి 2352 బైట్లు. మామూలు డేటా సీడీలో అందులో 2048 బైట్లే మన ఫైళ్లవి. మిగతా 304లో 16 బైట్లు ముక్క ఎక్కడ మొదలైందో, ఎన్నోదో చెప్తాయి. 288 బైట్లు గీతలు పడ్డా తప్పులు దిద్దుకోవడానికి ఉంచినవి. ఐఎస్ఓ ఫైల్లో 2048 మాత్రమే వరసగా పేర్చి ఉంటాయి. బిన్ ఫైల్లో 2352 మొత్తం ఉంటుంది. ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్లు (మూటకట్టిన ఫైళ్లని విప్పేవి) సాధారణంగా 2048 ముక్కలనే ఊహించుకుని చదువుతాయి. బిన్‌ని వాటికి ఇస్తే మొదటి ముక్క నుంచే ప్రతిదీ జరిగిపోయి కనిపిస్తుంది. అందుకే "ఆర్కైవ్ కాదు" అనో, "పాడైంది" అనో చెప్తాయి.

మా తమ్ముడి ఇమేజ్‌లలో ఒకటి 72,91,20,000 బైట్లు. 2048తో భాగిస్తే 3,56,015.625 వచ్చింది, అంటే కుదరలేదు. 2352తో భాగిస్తే సరిగ్గా 3,10,000. వాడు ఆ ఫైల్ చివర బిన్ తీసేసి ఐఎస్ఓ అని మార్చాడు, అలా చేస్తే తెరుచుకుంటుందని ఎవరో చెప్పారట. పేరు మారిస్తే లోపలి ముక్కల కొలత మారదు.

రెండింటితోనూ పోతే కంగారు పడకండి. ముక్కల సంఖ్య 128తో పోయినప్పుడు అలా జరుగుతుంది. మూడో పరీక్ష తేలుస్తుంది. రెండింటితోనూ పోకపోతే 2448తో చూడండి. 2352కి తోడు 96 బైట్ల సబ్‌చానల్ (ట్రాకుల వివరాలుండే పక్క సమాచారం) కూడా కలిపి తీసిన ఇమేజ్ అది. 2336తో పోతే, మొదటి 16 బైట్లు వదిలేసి తీసిన ప్లేస్టేషన్ తరహా ఇమేజ్. దేనితోనూ పోకపోతే అది కంప్రెస్ చేసినదో, ముందో వెనకో అదనపు సమాచారం అతికించినదో, కాపీ మధ్యలో తెగిపోయినదో అయి ఉంటుంది.

3. లోపల ఒక్కసారి తొంగి చూడండి

హెచ్ఎక్స్‌డీ లాంటి ఉచిత హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్లోని బైట్లని ఉన్నవున్నట్టు చూపించే ప్రోగ్రామ్) ఇమేజ్‌ని తెరవండి. భయపడాల్సిందేమీ లేదు, చూడటమే తప్ప మనం ఏదీ మార్చం.

ఫైల్ మొట్టమొదట 00, తర్వాత పది సార్లు ఎఫ్‌ఎఫ్, మళ్లీ 00 కనిపిస్తే అది 2352 ముక్కల ఇమేజే. ఇప్పుడు కుడివైపు అక్షరాల్లో "సీడీ001" అని ఇంగ్లీష్‌లో ఎక్కడుందో చూడాలి. సీడీల ఫైల్ పద్ధతి ఐఎస్ఓ 9660. దాని ప్రకారం 16వ సెక్టార్‌లో ఈ ముద్ర ఉంటుంది. గో టు ఆప్షన్‌లో హెక్స్ అంకె 8001 ఇచ్చి అక్కడికి వెళ్లండి. ముద్ర ఉంటే మామూలు ఐఎస్ఓ. లేకపోతే 9311 దగ్గర చూడండి. అక్కడ ఉంటే 2352 ముక్కల మోడ్ 1, పీసీ ఆటలు ఎక్కువగా ఇలా ఉంటాయి. 9319 దగ్గర ఉంటే మోడ్ 2, అంటే ప్లేస్టేషన్ తరహా.

మూడు చోట్లా లేకపోయినా పాడైందని తేల్చేయకండి. ఆ ఆట ఐఎస్ఓ 9660 వాడకపోయి ఉండవచ్చు. దాని సంగతి ఐదో మెట్టులో చెప్తాను.

4. రకాన్ని బట్టి టూల్

మామూలు ఐఎస్ఓ అయితే 7-జిప్ అనే ఉచిత ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఓ చిన్న నోట్ ఫైల్ ఒక్కటే కనిపించి, ఈ డిస్క్‌లో యూడీఎఫ్ (డీవీడీల్లో వాడే మరో ఫైల్ పద్ధతి) ఉందని చెప్తే, మీ టూల్ ఐఎస్ఓ వైపు మాత్రమే చదివి ఆగిపోయింది. యూడీఎఫ్ తెలిసిన టూల్‌తో తెరవాలి.

విండోస్ 8 నుంచి ఐఎస్ఓని డబుల్ క్లిక్‌తో మౌంట్ చేసుకోవచ్చు, అంటే డ్రైవ్‌లో డిస్క్ పెట్టినట్టు తెరుచుకోవచ్చు. మంచి ఇమేజ్ కూడా మౌంట్ కాకపోతే, అది కంప్రెస్ చేసిన ఫోల్డర్‌లో ఉందేమో చూడండి. డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌తో వచ్చిన ఫైల్ అయితే దాని మీద స్పార్స్ అనే గుర్తు మిగిలిపోయి ఉండవచ్చు. ఆ గుర్తున్న ఇమేజ్‌ని విండోస్ మౌంట్ చేయదు. 7-జిప్ మాత్రం అదే ఫైల్‌ని తెరుస్తుంది.

బిన్, క్యూ జంటలో ఎక్కువ ఇబ్బంది క్యూ ఫైల్‌తోనే. క్యూ అంటే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే చిన్న టెక్స్ట్ ఫైల్. బిన్ పేరు ఏమిటి, ఏ ట్రాక్ ఏ రకం, ఎక్కడ మొదలవుతుంది అన్నవి అందులో ఉంటాయి. మనం బిన్ పేరు మార్చి, క్యూ లోపలి పేరు మార్చడం మర్చిపోతాం. అప్పుడు టూల్‌కి బిన్ దొరకదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కోట్స్ మధ్య ఉన్న పేరుని అక్షరం తేడా లేకుండా సరిచేయండి. లైనక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కే. సేవ్ చేసేటప్పుడు చివర టీఎక్స్‌టీ తగిలించుకోకుండా చూసుకోండి. విండోస్ ఆ చివరి పేరుని దాచేస్తుంది కాబట్టి, వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకుంటే మంచిది.

జంట సరిగ్గా ఉంటే ఐసోబస్టర్‌లో క్యూని తెరవండి. అందులో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి గానీ ఐఎస్ఓ 9660 ఫైళ్లు తీయడానికి అక్కర్లేదు. లేదా బీచంక్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో బిన్‌ని ఐఎస్ఓగా, పాటల ట్రాకులని వేవ్ ఫైళ్లుగా విడగొట్టుకోవచ్చు. ఆట పాటలు ఆడియో ట్రాకులుగా ఉంటే అవి ఫైళ్ల జాబితాలో అసలు కనిపించవు. "మ్యూజిక్ రాలేదు" అని వాపోయేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

బిన్ అన్న ప్రతి ఫైలూ డిస్క్ ఇమేజ్ కాదు. పక్కన సెటప్ ఫైల్ ఉండి, సెటప్-1 అన్న పేరుతో బిన్ ఉంటే అది ఇన్నో సెటప్ అనే ఇన్‌స్టాలర్ తాలూకు ముక్క. దానికి ఇన్నోఎక్స్‌ట్రాక్ట్ వాడాలి.

ఎండీఎఫ్ అనే రకం ఇమేజ్ పక్కన దాని వివరాలుండే ఎండీఎస్ ఫైల్ కూడా ఉండాలి. ఎండీఎస్ పోయినా, డీవీడీ ఇమేజ్ అయి, 8001 దగ్గర ముద్ర కనిపిస్తే, అది లోపల మామూలు ఐఎస్ఓయే. ఇక్కడ మాత్రం పేరు మార్చడం పనిచేస్తుంది. డిస్కులు రాసే నీరో సాఫ్ట్‌వేర్ తీసిన ఎన్ఆర్‌జీ ఇమేజ్ సాధారణంగా ముందు 3,07,200 బైట్లు వదిలి అసలు డేటా మొదలుపెడుతుంది. అంటే సరిగ్గా 150 ముక్కలు, సీడీ మొదట్లో వదిలే రెండు సెకన్ల ఖాళీ. ఎన్ఆర్‌జీ2ఐఎస్ఓ ఆ భాగాన్ని తీసేస్తుంది.

సీహెచ్‌డీ కంప్రెస్ చేసిన రకం. మేమ్ అనే ఎమ్యులేటర్‌తో (పాత గేమ్ మెషీన్లని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) వచ్చే సీహెచ్‌డీమ్యాన్‌తో విప్పాలి. సీడీ అయితే ఎక్స్‌ట్రాక్ట్‌సీడీ, డీవీడీగా చేసినదైతే ఎక్స్‌ట్రాక్ట్‌డీవీడీ. ఒకటి పనిచేయకపోతే రెండోది ప్రయత్నించండి. పాత సీహెచ్‌డీమ్యాన్‌కి కొత్త కంప్రెషన్ తెలియదు, కాబట్టి ముందు దాన్ని అప్‌డేట్ చేయండి.

5. ముద్ర లేని ఆటలు

కొన్ని కన్సోళ్లు సొంత పద్ధతి పెట్టుకున్నాయి. గేమ్‌క్యూబ్ పూర్తి ఇమేజ్ 1,45,99,78,240 బైట్లు, నింటెండో వీ ఒక పొర డిస్క్ ఇమేజ్ 4,69,99,79,776 బైట్లు. సరిగ్గా ఈ సైజు కనిపిస్తే 7-జిప్ పక్కన పెట్టి డాల్ఫిన్ అనే ఎమ్యులేటర్ తెరవండి. ఆట మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఫైల్‌సిస్టమ్ ట్యాబ్. అక్కడ మొత్తం చెట్టులా కనిపిస్తుంది, కావలసింది తీసుకోవచ్చు.

మొదటి ఎక్స్‌బాక్స్ ఇమేజ్‌ని తెరిస్తే చిన్న వీడియో భాగమే కనిపించి, ఆట ఎక్కడా ఉండదు. ఆట భాగం 40,57,98,912 బైట్ల తర్వాత వేరే పద్ధతిలో మొదలవుతుంది. ఎక్స్‌ట్రాక్ట్-ఎక్సైసో అనే టూల్ దాన్ని చదువుతుంది.

డ్రీమ్‌కాస్ట్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది. ట్రాకుల జాబితా ఉండే జీడీఐ ఫైల్‌తో పాటు మూడో మరిన్నో ట్రాకులుంటాయి. అసలు ఆట 45,000వ సెక్టార్ నుంచి మొదలవుతుంది, లోపలి జాబితాలోని చిరునామాలన్నీ డిస్క్ మొదటి నుంచి లెక్కపెట్టినవి. మూడో ట్రాక్‌ని ఒక్కదాన్నే తెరిస్తే ఫైళ్ల పేర్లు సరిగ్గానే కనిపిస్తాయి గానీ, తీసినప్పుడు చెత్త వస్తుంది. జీడీఐ ఫైల్‌నే ఇవ్వాలి. జీడీఐటూల్స్ అందుకోసం రాసినదే.

ప్లేస్టేషన్ 3 డిస్కుల్లో పేర్లు కనిపించినా లోపల ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అక్కడ మామూలు టూల్స్ ఎన్ని మార్చినా ఉపయోగం లేదు.

6. ఫైళ్లు వచ్చాయి, కానీ పనిచేయడం లేదు

మాకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే.

మొదటి ప్లేస్టేషన్ ఆటల్లో వీడియోలు, కొన్ని పాటలు మోడ్ 2 ఫారం 2 అనే ముక్కల్లో ఉంటాయి. తప్పులు దిద్దే భాగాన్ని తగ్గించి, ఒక్కో ముక్కలో 2048కి బదులు 2324 బైట్లు నింపారు. శబ్దంలో ఒక చిన్న తప్పు చెవికి తెలియదు కాబట్టి అలా చేశారు. మౌంట్ చేసి కాపీ పేస్ట్ చేస్తే ప్రతి ముక్కలోనూ 276 బైట్లు పోతాయి. ఫైల్ పేరు ఉంటుంది, సైజు కూడా జాబితాలో ఉన్నంతే ఉంటుంది, ప్లే చేస్తే మాత్రం గరగర శబ్దం వస్తుంది. మా తమ్ముడు అది బురద వల్లే అనుకున్నాడు. జేపీఎస్ఎక్స్‌డెక్ అనే ప్రోగ్రామ్‌కి నేరుగా బిన్ ఇచ్చి చూడండి, తీసిన ఫైళ్లు ఇవ్వకండి. ఆట మొదట్లో వచ్చే వీడియో ఇరవై ఏళ్ల తర్వాత శబ్దంతో సహా వచ్చినప్పుడు వాడు వెంటనే పిన్నికి ఫోన్ చేసి వినిపించాడు.

ఇదే కారణంతో, మోడ్ 2 ఇమేజ్‌ని 2048 ఐఎస్ఓగా మార్చి అసలు బిన్‌ని తీసేయడం పెద్ద పొరపాటు. పోయిన బైట్లు మళ్లీ రావు.

పాత పీసీ ఆటల్లో డేటా1 అనే క్యాబ్, పక్కనే అదే పేరుతో హెచ్‌డీఆర్ ఉంటే అది ఇన్‌స్టాల్‌షీల్డ్ తరహా. మైక్రోసాఫ్ట్ క్యాబ్ కాదు కాబట్టి 7-జిప్ తెరవలేదు. అన్‌షీల్డ్ తెరుస్తుంది. ఆ ఆటల సెటప్ 16 బిట్‌ది అయితే 64 బిట్ విండోస్‌లో సాధారణంగా నడవదు, కనుక ఇలా విప్పుకోవడం ఒక దారి. ఆట రెండు మూడు సీడీల్లో వస్తే అన్ని సీడీల క్యాబ్ ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో వేసి విప్పండి.

ఒక్కటే పెద్ద ఫైల్, దాంతోపాటు రెండు మూడు చిన్నవి కనిపిస్తే డిస్క్ ఇమేజ్ పని అయిపోయినట్టే. ఆ పెద్ద ఫైల్ ఆట తయారుచేసినవాళ్ల సొంత మూట. క్విక్‌బీఎంఎస్ అనే టూల్‌కి ఆ ఆట తాలూకు స్క్రిప్ట్ దొరికితే విప్పుకోవచ్చు.

జపాన్ డిస్కుల్లో పేర్లు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తే అది అక్షరాల కోడ్ తేడా. లోపలి డేటా బాగానే ఉంటుంది.

7. నిజంగా పాడైందా?

ముందు చెక్‌సమ్, అంటే ఫైల్లోని బైట్లన్నిటినీ కలిపి లెక్కగట్టే గుర్తు సంఖ్య, చూడండి. 7-జిప్ పెట్టుకుంటే రైట్ క్లిక్ మెనూలో సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అని వస్తుంది. అక్కడ వచ్చిన విలువని రీడంప్ అనే గేమ్ డిస్కుల డేటాబేస్‌లో మీ ఆటకి ఉన్న విలువతో పోల్చండి. అక్కడ ఒక్కో ట్రాక్‌కీ విడిగా ఇస్తారు. సరిపోతే ఇమేజ్‌లో ఒక్క బైట్ కూడా తేడా లేదు, తప్పంతా టూల్‌ది. సరిపోకపోతే మళ్లీ డిస్క్ దగ్గరికి వెళ్లాలి. వేరే ఎడిషన్ డిస్క్ అయినా సరిపోదు, అందుకే డిస్క్ మీద ముద్రించిన కోడ్ కూడా చూసుకోండి.

బురదలో తడిసిన డిస్కుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సీడీలో డేటా పొర లేబుల్ వైపే, పల్చటి లక్క పూత కింద ఉంటుంది. అందుకే అడుగు గీతల కన్నా పైన గీతలే ప్రమాదం. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త గట్టిది. కవర్ కాగితం లేబుల్‌కి అతుక్కుపోతే లాగకండి, డేటా పొర కూడా లేచి వస్తుంది. మంచినీళ్లలో నాననిచ్చి, దానంతటది ఊడేదాకా ఆగండి. ఇసుక ఉన్నప్పుడు గుడ్డ పెట్టకండి, ముందు ధారగా నీళ్లు పోయండి. తర్వాత మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. నీడలో ఆరబెట్టండి.

మళ్లీ చదివేటప్పుడు వేగం తగ్గించండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదువుతుంది. గవర్నర్‌పేటలో కొన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్ చదవనన్న ఒక సీడీని మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ డ్రైవ్ చదివేసింది. పీసీ డేటా డిస్కులకి జీఎన్‌యూ డీడీరెస్క్యూ మంచిది. చదవగలిగినవి ముందు తీసుకుని, కష్టమైనచోట్లకి మళ్లీ మళ్లీ తిరిగి వెళ్తుంది. ప్లేస్టేషన్ సీడీలకీ, పాటల ట్రాకులున్నవాటికీ అది వాడకండి, 2352 బైట్లూ అది తీయదు.

సేఫ్‌డిస్క్ లాంటి కాపీ రక్షణ ఉన్న ఆటల్లో చెడిపోయిన సెక్టార్లని కావాలనే పెట్టారు. చదవలేకపోయిన చోట్లన్నీ ఒకే గుంపుగా ఉండి, ఫైళ్లు మాత్రం అన్నీ సరిగ్గా వస్తుంటే డిస్క్ పాడైందని బాధపడాల్సిన పని లేదు.

8. ఎవరినైనా అడగాల్సి వస్తే

ఇవన్నీ చేసినా తెరుచుకోకపోతే తెలిసినవాళ్లని అడగండి. "ఓపెన్ కావడం లేదు" అని ఒక్క మాట చెప్తే ఎవరూ సాయం చేయలేరు. ఆట పేరు, ఏ కన్సోల్‌ది, డిస్క్ మీద కోడ్, ఇమేజ్ సైజు బైట్లలో, 2048తోనా 2352తోనా పోయింది, 8001, 9311, 9319లలో ఎక్కడ ముద్ర కనిపించింది, చెక్‌సమ్ ఎంత, టూల్ పేరు, దాని వెర్షన్, అది చూపించిన మెసేజ్ ఉన్నదున్నట్టు. ఇవన్నీ ఇమేజ్ పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పెట్టుకోండి. మా తమ్ముడి హార్డ్ డిస్క్‌లో ఇప్పుడు ప్రతి ఆట పక్కనా అలాంటి ఫైల్ ఒకటుంది. ఆ పాడైన రెండింటి పక్కన కూడా ఉంది, ఎన్నో సెక్టార్ నుంచి ఎన్నో సెక్టార్ దాకా చదవలేకపోయామో అందులో రాసి పెట్టాం.